రాజహంసల రేవులో ఛాయాగ్రాహకుడు

తమిళులు పళవేర్కాడు అని పిలిచే సరస్సునే తెలుగువారు పులికాటు అనీ, ప్రళయకావేరి అనీ వ్యవహరిస్తున్నారు. బంగాళాఖాతానికీ ఆ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడవలె నిలిచి ఉన్నది. చిల్కా సరస్సు తరువాత భారతదేశంలో ఇంత పెద్ద ఉప్పుకయ్య మరొకటి లేదు. నీరు నిండిన కాలంలో దాని వైశాల్యం సుమారు 450 చదరపు కిలోమీటర్లు. తగ్గిన కాలంలో 250. ఇంత విస్తారమైన జలాశయానికి లోతు మాత్రం సగటున ఒక్క మీటరే. కాళంగి, ఆరణి నదులు దానికి మంచినీరు తెచ్చిపోస్తాయి. సముద్రం తన ముఖద్వారాల గుండా ఉప్పునీరు పంపుతుంది. ఈశాన్య ఋతుపవనాల వానలకు చప్పబడిన నీరు వేసవి ఎండలకు మరల ఉప్పెక్కుతుంది. ఉత్తరభాగంలో నీరు ఇంకిన చోట్ల, బీటలువారిన అడుసుపై తెల్లని ఉప్పుపొర మెరుస్తూ ఉంటుంది.

క్రొత్తగా వచ్చినవానికి అది ఒట్టి చవిటిపర్రగానే తోచును. చెట్టునీడ లేదు; పచ్చని పైరు లేదు. కాని మోకాటిలోతైనా లేని ఆ నీటిలో, ఆ బురదలో, రొయ్యపిల్లలకూ పురుగులకూ నత్తలకూ సన్నని నాచుకూ లెక్కలేదు. ఆ అన్నసత్రాన్ని వెదకుకొంటూ శీతకాలంలో దూరదేశాల అతిథులు దిగివస్తారు. ఉత్తరధ్రువానికి సమీపమైన చలినేలలలో గుడ్లుపెట్టి పిల్లలను చేసుకొనే బుల్లి ఉల్లంకి పిట్టలు కొన్ని ఇక్కడ బురదపై చురుకుగా పరుగులు తీస్తూ కనిపిస్తాయి. వాటి బరువు చాలా తక్కువ. సూదితోక బాతులు గుంపులుగా నీటిపై తేలుతూ ఉంటాయి. ఈ కొలువుకూటమిలో రాజు మాత్రం రాజహంసయే.

కావ్యాలలోని హంస ఏ పక్షి అన్న విషయమై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. లోకవ్యవహారంలో ఫ్లెమింగోకు రాజహంస అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు శాస్త్రీయమా కాదా అన్న విచారణ అలా ఉంచినా, ఒక గుణంచేత ఈ పక్షి దానికి తగినదే అనిపించుకొంటుంది. పాలను నీటినుండి వేరుచేయడం కవిసమయం. బురదనీటినుండి ఆహారాన్ని వేరుచేయడం ఈ పక్షికి నిత్యకృత్యం. అది మెడ వంచి, ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచుతుంది. నాలుక తిత్తివలె ఆడుతూ నీటిని లోపలికి లాగి వెలుపలికి నెడుతుంది. ముక్కు అంచులకు దువ్వెనపళ్లవలె ఉన్న సన్నని పొరలు ఆహారాన్ని నిలిపి నీటిని విడిచిపెడతాయి. నాచులోను, దానిని తిని బ్రదికే రొయ్యలవంటి చిరుజీవులలోను ఉండే వర్ణద్రవ్యాలే ఆ పక్షికి గులాబివన్నె నిస్తాయి. అప్పుడే పుట్టిన కూనకు ఆ వన్నె లేదు. అది బూడిదరంగులో ఉంటుంది. ఆ అందమంతా ఏండ్ల తరబడి తిన్న తిండి ఫలితం.

ఇట్టి పక్షులను ఛాయాచిత్రాలలో నిలుపుకోవలెనన్న కోరిక సహజమైనది. ఆ విద్యకు చరిత్ర కూడా ఉన్నది. ఇంగ్లండులో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే సోదరులు 1892లో ఒక పక్షిగూటిని గుడ్లతో సహా ఛాయాచిత్రం తీసినారు. 1895లో వారు పక్షిగూళ్లపై వెలువరించిన గ్రంథంలోని బొమ్మలన్నీ ఛాయాచిత్రాలే. పక్షులు బెదరకుండా ఉండుటకై వారు బోలుగా చేసిన ఎద్దుబొమ్మలో దాగి, అందులోనుంచి కెమెరా నడిపినారు. వేటగాడు మాటు వేసే తీరునే వారు వేటకు మారుగా వాడుకొన్నారు. భారతదేశంలో సలీం అలీ 1945లో కచ్ఛ్ రణంలోని రాజహంసల గూళ్ల పట్టును దర్శించి, అక్కడ సుమారు 5 లక్షల పక్షులు ఉండవచ్చునని అంచనా వేసినాడు. తమిళనాడుకు చెందిన ఎం. కృష్ణన్ తానే కూర్చుకొన్న బరువైన కెమెరాతో అడవులు తిరిగి, తెలుపు నలుపు చిత్రాలలోనే మృగపక్షుల స్వభావాన్ని చూపినాడు.

పులికాటువంటి చోట ఈ పని కొండ అడవులలో కంటె భిన్నంగా ఉంటుంది. దాగుకొనుటకు పొద లేదు. మనిషి నిలువుగా నిలిచితే మైళ్ల మైదానంలో అతడే ఎత్తయిన వస్తువు. కనుక అనుభవజ్ఞులు తెల్లవారకముందే చేరుకొని, మట్టిరంగు బట్టలతో నేలపై బోర్లా పడుకొని ఎదురుచూస్తారు. సూర్యుడు వెనుకనుండగా తొలి వెలుగు పక్షిపై ఏటవాలుగా పడే సమయమే మంచిది. ప్రొద్దెక్కిన కొలదీ ఉప్పునేలనుండి వేడిగాలి లేస్తుంది; దూరపు పక్షి ఎండమావిలోవలె అలలు అలలుగా కదలిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన కటకమైనా స్పష్టమైన రూపాన్ని ఇవ్వజాలదు. తెల్లని నేలా తెల్లని రెక్కా ఒకేచోట చేరితే, వెలుగు మితిమీరి ఈకల గీతలన్నీ మాసిపోతాయి. ఉప్పుగాలి పరికరాలలోని లోహాన్ని తినివేస్తుంది. ఇవన్నీ నేర్చుకోదగిన కష్టాలే. నేర్చుకొనుటకు వీలులేనిదీ, ఎవరికి వారే నిగ్రహించుకోవలసినదీ మరొకటి ఉన్నది.

రాజహంస నిలిచి ఉన్నప్పుడు దూరానికి తెల్లగానే కనిపిస్తుంది. రెక్క విప్పినప్పుడు మాత్రం లోపల దాగిన ఎరుపూ నలుపూ ఒక్కసారిగా బయటపడతాయి. వేల పక్షులు ఒకేసారి లేచితే ఆకాశమే రంగు మారుతుంది. ఆ దృశ్యంకోసమే ఆశ. ఆశ ముదిరినప్పుడు చప్పట్లు కొట్టేవారు, రాయి విసిరేవారు, గుంపువైపు బండి తోలేవారు బయలుదేరుతారు. పక్షులు లేస్తాయి, చిత్రం దొరుకుతుంది, చూచినవారు మెచ్చుకొంటారు. ఆ చిత్రంలో ఉన్నది సౌందర్యమే కావచ్చును. దానికి కారణం భయమన్న సంగతి మెచ్చినవారికి తెలియదు.

ఆ భయానికి పక్షి చెల్లించే మూల్యం చిన్నది కాదు. బరువైన ఆ పక్షి నీటిపై కొంతదూరం పరుగెత్తితేనే గాని గాలిలోకి లేవలేదు. ఒక్కొక్క ఎగురుపాటుకూ ఒంటిలో కూడబెట్టుకొన్న కొవ్వు ఖర్చవుతుంది. మేత మేయవలసిన సమయం పోతుంది. రాజహంసలు లేచితే ప్రక్కనున్న ఉల్లంకులూ లేస్తాయి. వేల మైళ్లు తిరిగి ఎగిరిపోవలసిన ఆ చిరుపిట్టకు కొవ్వే దారిబత్తెం. దినంలో పదిమంది వచ్చి పదిసార్లు లేపితే ఆ దారిబత్తెం ఎక్కడనుండి వచ్చును? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న పదాన్ని నిర్వచిస్తూ, చంపడాన్ని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. ప్రాణులను తరమడాన్నీ, పక్షుల గూళ్లను కదలించడాన్నీ కూడా అందులో చేర్చినది. చేతిలో తుపాకి లేనంత మాత్రాన మనిషి వేటగాడు కాకుండా పోడన్నమాట.

ఈ ధర్మం తెలుగు విద్యార్థికి క్రొత్తది కాదు. శ్రీనాథుని శృంగార నైషధంలో నలుడు ఒంటికాలిపై నిలిచి నిద్రించే హంసను చేతితో పట్టుకొంటాడు. అది తన ముసలితల్లినీ, భార్యనూ, పసికూనలనూ తలచుకొని విలపిస్తుంది. రాజు మనసు కరిగి దానిని విడిచిపెడతాడు. విడువబడిన హంస తనంత తానే తిరిగివచ్చి అతని చేతిపై వాలుతుంది. దమయంతి వార్త చెప్పి ఉపకారం చేస్తుంది. పట్టుకొన్నప్పుడు ఏడ్చిన పక్షి, విడిచినప్పుడు దగ్గరకు వచ్చినది. పులికాటు ఒడ్డున కదలక మెదలక పడుకొన్న ఛాయాగ్రాహకునికి ఇది కథ కాదు, అనుభవం. తొందరపడి ముందుకు పాకినవానికి దూరమైపోయే గుంపు, ఓపికతో ఉన్నవానివైపు మేస్తూ మేస్తూ తానే చేరువవుతుంది.

పక్షి మనసు తెలుసుకొనుటకు గుర్తులు ఉన్నవి. మేత మేస్తున్న పక్షి తల ఎత్తి మెడ నిక్కించినదంటే అది మనిషిని గమనించినది. గుంపులో పలుపక్షులు అట్లే నిలిచి, ఒకే దిక్కుకు నడవసాగినవంటే ఇక ఒక్క అడుగు వేసినా లేస్తాయి. అక్కడ ఆగవలెను, వీలైతే వెనుకకు తగ్గవలెను. గూళ్ల దగ్గర ఈ నియమం మరింత కఠినమైనది. పులికాటుకు సమీపంలోని నేలపట్టు చెరువులో, నీటిలో నిలిచి పెరిగే కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొంటాయి. తల్లి బెదరి లేచిపోతే గుడ్లూ కూనలూ ఎండకూ కాకులకూ పాలవుతాయి. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువునీరు పొలాలకు మేలుచేస్తుందని ఎరిగిన గ్రామస్థులు ఆ పక్షులను తమ అతిథులుగా చూచుకొంటున్నారు. కెమెరాతో వచ్చే చదువరి వారికంటె తక్కువ మర్యాద చూపడం న్యాయం కాదు.

విద్యార్థులను అక్కడకు తీసుకొనిపోయే ఉపాధ్యాయులు కెమెరాకంటె ముందు ఒక చిన్న పుస్తకం వారి చేతికి ఇవ్వవచ్చును. తేదీ, వేళ, గాలి, నీటిలోతు, పక్షుల సంఖ్య, అవి ఏమి చేస్తున్నవి అన్న వివరాలు అందులో వ్రాయించవచ్చును. అట్టి వ్రాతతో కూడిన సామాన్యమైన చిత్రం, వ్రాత లేని అపురూప చిత్రంకంటె పెక్కుకాలం ఉపయోగపడుతుంది. ముఖద్వారాలలో ఇసుక మేటవేసి సముద్రపునీరు రాక తగ్గినప్పుడు కయ్య ఎట్లు మారినదో, ఏ పక్షులు తగ్గినవో చెప్పగలిగేది అట్టి సాక్ష్యమే. ఇక ఆ చిత్రాలలో ఏది మేలైనదని పిల్లలు అడిగితే, ఉపాధ్యాయుడు తడుముకోనక్కరలేదు. తల నీటిలో ముంచి, మనిషి ఉన్నాడన్న ఊహైనా లేక, తన మేత తాను మేస్తున్న రాజహంస ఏ చిత్రంలో ఉన్నదో ఆ చిత్రాన్ని చూపితే చాలును.