ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించే ముందు...

"డాక్టరు గారూ, మా వాడికి జ్ఞాపకశక్తికి మంచి టానిక్ ఏదైనా రాయండి."

ఆ మధ్య మా ఆస్పత్రి ఓ.పి.కి వచ్చిన ఒక తల్లి అడిగిన మాట ఇది. కుర్రవాడికి 7 ఏళ్ళు. రెండో తరగతి. చదవడం రావడం లేదని 3 నెలలుగా సెల్‌ఫోనులో ట్యూషన్ చెప్పిస్తున్నారట. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది. ఆ ఫీజు కోసం రాత్రి పదింటి దాకా జాకెట్లు కుడుతోంది. చెప్పే టీచరమ్మ మంచిదే. కాని, "మీ అబ్బాయికి శ్రద్ధ లేదండీ, నేనొకటి చెబితే తానొకటి అంటాడు" అని రోజూ ఫిర్యాదు. ఆ ఫిర్యాదు విన్నాక వాడి వీపు మీద రోజూ దెబ్బలు.

నేను కుర్రవాడి వెనక్కు వెళ్ళి, రెండడుగుల దూరంలో నిలబడి, మెల్లగా "పలక" అన్నాను. వాడు కదలలేదు. కొంచెం గొంతు పెంచి మళ్ళీ అన్నాను. "అలక" అన్నాడు. చెవిలోకి లైటు వేసి చూస్తే సంగతి తెలిసింది. తరచుగా వచ్చే జలుబు వల్ల రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనుక నీరు చేరింది. నొప్పి లేదు, చీము లేదు. వినికిడి మాత్రం తగ్గింది. ఫోను స్పీకరులో వచ్చే సన్నని గొంతు వాడికి సగమే వినిపిస్తోంది. వినిపించిన సగాన్నే వాడు తిరిగి చెబుతున్నాడు.

బయట క్యూలో అంతమంది ఉండగా టానిక్ రాసి పంపేయడం నాకు చాలా తేలిక. సర్వీసులో చేరిన కొత్తలో అలా రాసి పంపిన పిల్లలు నాకూ ఉన్నారు. వారిలో ఎందరికి చెవి సరిగా వినిపించేది కాదో, ఎందరికి చూపు ఆనేది కాదో ఇప్పుడు తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు కళ్ళు, చెవులు

మీ పిల్లవాడికి చదవడం రావడం లేదంటే, ట్యూషన్‌కు డబ్బు కట్టకముందే రెండు పరీక్షలు చేయించండి. ఒకటి చూపు, రెండు వినికిడి.

పుస్తకాన్ని మరీ ముక్కు దగ్గర పెట్టుకోవడం, ఒక కన్ను మూసుకుని చూడడం, టీవీకి దగ్గరగా జరగడం, చదవగానే తలనొప్పి అనడం - ఇవి కంటి దోషానికి గుర్తులు. కొందరికి ఒక కన్ను బాగానే ఉండి రెండోది మందగిస్తుంది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఈ లోపం బయటపడదు. దీనికి 7, 8 ఏళ్ళ లోపు వైద్యం చేస్తే గుణం బాగా కనిపిస్తుంది. కనుక ఆలస్యం చేయకండి.

పిలిస్తే పలకకపోవడం, టీవీ శబ్దం పెంచమనడం, "ఆఁ?" అని మాటిమాటికీ అడగడం - ఇవి వినికిడి లోపానికి గుర్తులు. నోరు తెరిచి నిద్రపోతూ గురక పెట్టే పిల్లలకు ముక్కు వెనుక ఎడినాయిడ్స్ పెరిగి ఉండవచ్చు. అలాంటి వారికి రాత్రి సరైన నిద్ర ఉండదు. పగలు చదువు మీద ధ్యాస నిలవదు. రక్తహీనత ఉన్న పిల్లలూ ఇలాగే నీరసంగా, పరధ్యానంగా ఉంటారు. చదువుతూ చదువుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, మళ్ళీ ఏమీ జరగనట్టు మొదలుపెట్టే పిల్లవాడిని తప్పకుండా వైద్యునికి చూపించండి. అది ఒక రకం మూర్ఛ కావచ్చు.

ఈ పరీక్షలకు పెద్ద ఖర్చు అవసరం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు చూపు, వినికిడి, చదువులో ఇబ్బంది వంటివి ఉచితంగా పరీక్షిస్తారు. మీ దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో అడగండి.

రానిదేమిటో తెలుసుకోండి

"చదవడం రాదు" అంటే చాలదు. ఏది రాదో చూడాలి. చాలామంది పిల్లలు "క, కా, కి, కీ" అని గుణింతం గడగడా ఒప్పజెబుతారు. తల్లిదండ్రులు మురిసిపోతారు. కాని మధ్యలో "కూ" ఒక్కటీ రాసి చూపించి అడగండి. వేళ్ళు మడుస్తూ మొదటి నుంచి లెక్కపెట్టుకుని వస్తే, వాడికి పాట వచ్చిందే గాని అక్షరం రాలేదన్నమాట. అలాగే "ప, వ, ష" కలగలిపి చూపండి. "డ, ద" పక్కపక్కన పెట్టండి. తడబడే చోటు ఒక కాగితం మీద రాసుకోండి. ట్యూషన్ చెప్పేవారికి మీరు ఇవ్వవలసిన మొదటి సమాచారం అదే.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు స్పెల్లింగు బట్టీ పట్టించే ముందు, ఏ అక్షరం ఏ శబ్దం పలుకుతుందో నేర్పమని అడగండి.

ఎంతసేపు?

5, 6 ఏళ్ళ పిల్లలకు ఒక విడతకు 15, 20 నిమిషాలు చాలు. 7, 8 ఏళ్ళ వారికి అరగంట. వారానికి ఒక్కసారి గంటన్నర కూర్చోబెట్టేకంటే, నాలుగు రోజులు కొంచెం కొంచెంగా చెప్పించడం మేలు. 2 నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లలు రోజుకు మొత్తం గంటకు మించి, 5 నుంచి 10 ఏళ్ళ వారు 2 గంటలకు మించి తెర చూడరాదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో సూచించింది. ట్యూషన్ కూడా ఈ లెక్కలోనిదే. ట్యూషన్ అరగంట పెరిగితే బొమ్మల వీడియోలు అరగంట తగ్గాలి.

బడి నుంచి రాగానే కూర్చోబెట్టకండి. పాలో, టిఫినో ఇచ్చి, కాసేపు వీధిలో ఆడుకోనివ్వండి. ఆరుబయట ఆడే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుంది. రాత్రి భోజనాల తర్వాత ట్యూషన్ వద్దు. ఈ వయసు పిల్లలకు 9 గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. పడుకునే గంట ముందే తెర ఆపేయాలి.

తెర, వెలుతురు, శబ్దం

తెలుగులో వత్తులు అక్షరం కింద చిన్నవిగా ఉంటాయి. అరచేతిలో ఇమిడే ఫోనులో వాటి మధ్య తేడా కనిపెట్టడం పసివాడికి కష్టం. వీలైతే పెద్ద తెర వాడండి. టీవీకి కలపగలిగితే మరీ మంచిది. ఫోనే గతి అయితే, పాఠం ముందుగా తెప్పించుకుని, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి లేదా జిరాక్స్ తీయించి చేతికివ్వండి. వాడి చూపు కాగితం మీద, చెవి ఫోను మీద ఉండాలి.

ఫోనును చేతికివ్వకుండా గోడకో డబ్బాకో ఆనించి, చేయి చాచినంత దూరంలో పెట్టండి. పడుకుని చదవనివ్వకండి. గదిలో లైటు వెయ్యండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి కిటికీలోంచి దూరంగా చూడమనండి. ఇయర్‌ఫోన్ల కంటే స్పీకరు మంచిది. తప్పనిసరైతే శబ్దం సగానికి మించనివ్వకండి.

చెప్పేవారిని ఎంచుకోవడం

ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. రెండు వారాలు చూడండి. పరీక్ష ఒక్కటే: పాఠంలో ఎవరి గొంతు ఎక్కువగా వినిపిస్తోంది? టీచరుదే అయితే లాభం లేదు. చదవడం చదివితేనే వస్తుంది. పిల్లవాడు చదువుతుంటే విని, ఆగిన చోట అందించే వారు కావాలి. ఒక్కడికి విడిగా చెబితే మంచిది, లేదా ముగ్గురు నలుగురికి మించకూడదు. రంగురంగుల బొమ్మలు, బహుమతుల నాణేలు చూసి మోసపోకండి.

పసివాణ్ణి తెర ముందు ఒంటరిగా వదలకండి. ఫోటోలు పంపమనడం, పిల్లవాడితో విడిగా మాట్లాడతాననడం జరిగితే వెంటనే మాన్పించండి.

పక్కన మీరుండాలి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. పాఠం అయ్యాక 10 నిమిషాలు పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పుస్తకం వాడి చేత చదివించుకుని వినండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. వేలు పెట్టి చదవమనండి, ఆపైన కథ చెప్పమనండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో చిన్న పిల్లల తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. అమెరికాలో ఉన్న మనవరాలికి వీడియోలో రోజూ ఒక పేజీ చదివించే అమ్మమ్మలు మన ఊళ్ళలో ఉన్నారు. అది ఏ ట్యూషన్‌కూ తీసిపోదు.

చూపు, వినికిడి బాగుండి, ఆరు నెలలు శ్రద్ధగా చెప్పించినా, 8 ఏళ్ళు వచ్చేసరికి చిన్న మాటలు కూడా కలిపి చదవలేకపోతే పిల్లల వైద్యుని ద్వారా నిపుణుల సలహా తీసుకోండి. మాటకారితనం, చురుకుదనం ఉండీ చదువు మాత్రం పట్టుబడని పిల్లలుంటారు. ఇది మొద్దుతనం కాదు, సోమరితనం కాదు. దీన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. దీనికి టానిక్కులు లేవు. వేరే పద్ధతిలో ఓపికగా నేర్పడమే వైద్యం.

ఇక మన కుర్రవాడి సంగతి. చెవిలో నీరు చాలామంది పిల్లలకు 3 నెలల్లో తనంతట తగ్గుతుంది. తగ్గకపోతే చిన్న ఆపరేషన్ ఉంది. వీడికి ఆ అవసరం రాలేదు. ఆ 3 నెలలూ బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ట్యూషన్ టీచరమ్మకు సంగతి చెబితే, పెదవులు కనబడేలా నిదానంగా చెప్పింది. వినికిడి వచ్చినంత మాత్రాన చదువు ఒక్కసారిగా రాలేదు, మళ్ళీ అక్షరాల నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. మొన్న వచ్చినప్పుడు గోడ మీద "చేతులు కడుక్కోండి" అన్న బోర్డును కూడబలుక్కుని చదివాడు. "క్కో" దగ్గర చాలాసేపు ఆగాడు. తల్లి చెయ్యెత్తలేదు, తొందరపెట్టలేదు.

మీరు కూడా అంతే చెయ్యండి. ట్యూషన్ పెట్టించండి, తప్పు లేదు. కాని ముందు పరీక్ష చేయించండి. పక్కన కూర్చోండి. చదువు రాని పిల్లవాణ్ణి మాత్రం కొట్టకండి.