ఇంటికి వాడుకనూనె

వంటకు ఏ నూనె మంచిదని మమ్ము అడుగువారు ఇటీవల ఎక్కువైరి. కారణము లేకపోలేదు. ఇంటి యజమానికి గుండెజబ్బని వైద్యుడు చెప్పినంతనే ఇల్లాలు మొదట తప్పుపట్టునది నూనెడబ్బానే. వేరుసెనగనూనె మాని పొద్దుతిరుగుడునూనె పొట్లము తెచ్చును. ఆరుమాసములకు ఎవరో చెప్పగా తవుడునూనెకు మారును. పిదప గానుగనూనెయే అమృతమని విని హెచ్చువెలకు దానిని కొనును. ఇన్నిసార్లు నూనె మారినను బాణలిలో పోసెడి కొలత మాత్రము మారదు.

మన పూర్వులకు నూనె యనగా నువ్వులనూనెయే. ‘నూనె’ యను మాటయే నువ్వును నెయ్యియు కలసి పుట్టినది. సంస్కృతమున తైలశబ్దమును తిలలనుండి వచ్చినదే. చరకసంహిత తైలములలో తిలతైలమునకే అగ్రస్థాన మిచ్చినది. పల్లెలలో ముసలమ్మలు నేటికిని దానిని మంచినూనె యందురు. వేరుసెనగయో, దక్షిణ అమెరికానుండి వచ్చిన పంట. మా వేముల, పులివెందుల ప్రాంతపు మెట్టచేలతో అది ఎంతగా పెనవేసికొనిపోయిన దనగా, తాతలనాటి పంటయని అందరును తలచుచున్నారు. వచ్చిన కోడలు కూతురైనట్లే యున్నది. దానిని కొవ్వునూనె యని యిపుడు ఇంటినుండి వెడలగొట్టుట న్యాయమా?

లెక్క చూతము. గడ్డకట్టు స్వభావముగల సంతృప్తపు కొవ్వు రక్తములో చెడుకొలెస్టరాలును పెంచును. దానికి బదులు అసంతృప్తపు కొవ్వులు వాడినచో అది తగ్గును. వేరుసెనగనూనెలో సంతృప్తపు కొవ్వు సుమారు ఐదవవంతు; నువ్వులనూనెలో అంతకంటె కొంచెము తక్కువ; పామాయిలులో దాదాపు సగము; కొబ్బరినూనెలో నూటికి 80 పైచిలుకు. పొద్దుతిరుగుడు, కుసుమనూనెలలో ఇది మిక్కిలి తక్కువయే గాని, వానిలో ఒక తెగ కొవ్వే అధికము. కావుననే హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థవారు ఒకే నూనెను పట్టుకొనక రెండుమూడింటిని మార్చి మార్చి వాడుమందురు. మా యింట వేరుసెనగనూనె ప్రధానము. పులుసులకు, పచ్చళ్లకు నువ్వులనూనె. పొట్లముపై ‘కొలెస్టరాలు లేదు’ అని పెద్ద అక్షరములతో అచ్చువేయుట చూచి మోసపోవలదు. గింజలనుండి తీసిన ఏ నూనెలోను అది చెప్పుకొనదగినంత యుండదు.

ఏ నూనెయైనను గ్రామునకు 9 కెలోరీలే. పై సంస్థవారు 2011లో ప్రకటించిన సూచనల ప్రకారము, కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమునకు 20 గ్రాములు, పురుషునకు 25 గ్రాములు చాలును. కాయకష్టము చేయువారికి మరికొంత. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులున్న యింటికి నెలకు మూడులీటర్లు. ఒకటవ తేదీన ఆ మూడులీటర్లను వేరుగా కొలిచి యుంచి, ఏ తేదీకి అయిపోవునో చూడుడు.

ఉగ్గానికి తోడు మిరపకాయ బజ్జీ లేనిదే మావైపు ఉదయపు ఫలహారము సాగదు. బజ్జీలు చేయుటను మేము వలదనము. మిగిలిన నూనెను మరునాడు, ఆపై మరునాడు మరల పొంగించుటయే చెడ్డది. మరల మరల కాగిన నూనె నల్లబడి, చిక్కబడి, కంటికి పొగ తగులునట్లు మారును. 2018 జూలైనుండి అంగళ్లవారికి సైత మిట్టి నూనెపై ప్రభుత్వము హద్దు పెట్టినది. ఇంటిలో, మిగిలినది వడగట్టి ఒకటి రెండు దినములలో తాలింపులకు వాడి తీర్చుట మేలు. వేపుటకు చిన్నబాణలి పెట్టినచో మిగులు సమస్యయే యుండదు.

ఇక గానుగనూనె. దాని వాసన, రుచి యంత్రపునూనెకు రావు. ఆ మాట నిజము. కాని మన మొకటి మరచుచున్నాము. పంట చివర వాన మొగము చాటువేసిన యేట, కాయ సరిగా ఎండని యేట, వేరుసెనగకు ఒక బూజు పట్టును. అది అఫ్లటాక్సిను అను విషమును పుట్టించును. కాలేయమునకు హానిచేసి రాచపుండుదాక తెచ్చును. 1960లో ఇంగ్లాండులో లక్షకుపైగా టర్కీకోళ్లు వేరుసెనగపిండి తిని చచ్చినపుడే లోకమునకు దీని గుట్టు తెలిసినది. వేయించినను అది పూర్తిగా పోదు. శుద్ధిచేయు మిల్లులో క్షారముతోను, తెల్లబరచు మన్నుతోను అది చాలమట్టుకు తొలగును. గానుగలో ఆ శుద్ధి లేదు. అధికభాగము చెక్కలో నిలుచును గాని కొంత నూనెలోనికి దిగును; ఆ చెక్కయే పశువు తిని పాలలోనికి మరల వచ్చును. నిండుగింజలను అమ్మకమునకు తీసి, ముడుతలుపడినవి, పగిలినవి, నల్లబడినవి గానుగకు పంపు అలవాటు పలుచోట్ల కలదు. మనము తినబోవు నూనెకా ఈ తాలు?

కనుక గింజ నేరుట గానుగవాని పని కాదు, మన పని. చేటలో పోసికొని బూజు తగిలినవానిని, రంగుమారినవానిని, ముడుతలవానిని ఏరి, పశువులకును పెట్టక పారవేయవలయును. ఇట్లు ఏరినంతనే విషము చాలవరకు తగ్గును. సుమారు రెండున్నర కిలోల గింజలకు ఒక లీటరు దిగును గావున, అంగడిలో గానుగనూనె యని ఆ గింజల వెలకంటె మిక్కిలి చౌకగా ఇచ్చుచున్నచో అందు మరియొక నూనె కలసినదేమో యని అడుగవలసినదే. ఆడించిన నూనెను రెండుదినములు తేరనిచ్చి, వెలుతురు తగులని మూతపాత్రలో, ఒక నెలకు సరిపడినంతయే యుంచుకొనవలయును. ఎక్కువ యైనచో చిమురువాసన వచ్చును.