‘టేక్’ అంటే తీసుకోవడమేనా?



పోయిన టర్మ్‌లో మా తాండూరు బ్రాంచ్ ఆరో తరగతి పిల్లల్ని అనంతగిరికి తీసుకెళ్లాం. తిరిగొచ్చాక ఆ ట్రిప్ గురించి ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాయమన్నాను. ఒక బాబు రాసిన వాటిలో కొన్ని ఇవి:

“మై ఫాదర్ టుక్ న్యూ షూస్ ఫర్ మి.”
“వి క్లైంబ్డ్ ద బస్.”
“టూ అవర్స్ క్యాచ్డ్.”
“వి గాట్ డౌన్ మెనీ ఫోటోస్.”
“ఎట్ నైట్ స్లీప్ నాట్ క్యాచ్డ్.”

ఎర్ర పెన్నుతో అన్నింటికీ సున్నాలు చుట్టి, పదికి మూడు మార్కులు వేశాను. పక్కన ఏమీ రాయలేదు. ఆ సాయంత్రం వికారాబాద్ వెళ్లే రైల్లో కూర్చుని ఆ కాగితం మళ్లీ చూశాను. అప్పుడు అర్థమైంది. నాన్న బూట్లు ‘తీసుకున్నాడు’, పిల్లలు బస్సు ‘ఎక్కారు’, రెండు గంటలు ‘పట్టింది’, ఫోటోలు ‘దిగారు’, రాత్రి నిద్ర ‘పట్టలేదు’. బాబు తెలుగులో చక్కగా ఆలోచించాడు. ఒక్కో మాటకు మేం నేర్పిన ఇంగ్లిష్ మాటనే పెట్టాడు. ‘ఎక్కు’ అంటే క్లైంబ్, ‘పట్టు’ అంటే క్యాచ్ అని వర్డ్ లిస్ట్ ఇచ్చింది మేమే. లోపం పిల్లవాడి తెలివిలో లేదు, మాటకు ఒకే అర్థం ఉంటుందని నేర్పిన మా పద్ధతిలో ఉంది.

ఆ తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్ల నాన్న వచ్చారు. కాగితం చేతిలో పట్టుకుని, “మేడమ్, మాకు ఇంగ్లిష్ రాదు. ఇంట్ల తెలుగు మాట్లాడుడు బంద్ చేస్తే పిల్లగానికి ఇంగ్లిష్ వస్తదా? లేకుంటే ట్యూషన్ పెట్టియ్యాల్నా?” అని అడిగారు. ఈ ప్రశ్న ఆయనొక్కరిదే కాదు, ప్రతి మీటింగ్‌లో వింటాను. అందుకే ఈ నెల ‘టేక్’ అనే ఒక్క చిన్న మాటను పట్టుకుని జవాబు చెప్పాలనుకుంటున్నాను.

చిన్న మాటలే కష్టం

పిల్లలకు పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు కష్టమని మనం అనుకుంటాం. నిజానికి ‘ఫోటోసింథసిస్’కు ఒకే అర్థం. ఒకసారి నేర్చుకుంటే అయిపోతుంది. టేక్, గెట్, పుట్, రన్ లాంటి మాటలే చుక్కలు చూపిస్తాయి. ఒక్క ‘రన్’ అనే క్రియకే 645 అర్థాలు తేలాయని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ పని గురించి 2011లో వార్తలు వచ్చాయి.

ఎందుకిలా? ఎక్కువగా వాడే పనిముట్టు ఎక్కువ పనులకు పనికొచ్చినట్టే, ఎక్కువగా వాడే మాట కూడా ఎక్కువ అర్థాలు కూడగట్టుకుంటుంది. ‘టేక్’ మొదట ఇంగ్లిష్ మాట కూడా కాదు. సుమారు వెయ్యేళ్ల కిందట ఇంగ్లండ్‌లో స్థిరపడిన స్కాండినేవియా వాళ్ల భాషలోని ‘టాకా’ నుంచి వచ్చింది. అప్పటిదాకా ఇంగ్లిష్‌లో ఉన్న ‘నిమన్’ అనే పాత మాటను పక్కకు నెట్టేసింది. జర్మన్ భాషలో ఆ పాత మాట చుట్టం ‘నేమెన్’ ఇప్పటికీ వాడుకలో ఉంది.

మన తెలుగులోనూ ఇదే సంగతి. ‘పట్టు’నే చూడండి. గొడుగు పట్టాడు, చెమట పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, ఊరి దారి పట్టాడు, నిద్ర పట్టలేదు, టైం పట్టింది. ఇందులో చేత్తో పట్టుకున్నది ఒక్క గొడుగునే. అయినా మనలో ఎవరూ ఈ అర్థాలను లిస్టు రాసుకుని నేర్చుకోలేదు. పక్కన ఏ మాట ఉందో చూసి అర్థం చేసుకుంటాం. వికారాబాద్ జంక్షన్ దాటాక పట్టాలు చీలిపోయి ఒక దారి తాండూరు వైపు, ఒక దారి బీదర్ వైపు పోతాయి కదా. బండి ఎటు పోతుందో ‘వికారాబాద్’ అనే పేరు ఒక్కటే చెప్పదు. క్రియ కూడా అంతే. పక్క మాట తెలిస్తేనే దారి తెలుస్తుంది.

‘టేక్’ పక్కన ఏముంది?

చేతికి అందుకునేది: “టేక్ దిస్ బుక్.” ఈ పుస్తకం తీసుకో. ఇది అందరికీ తెలిసిందే.

వెంట తీసుకెళ్లడం: “టేక్ యువర్ సిస్టర్ టు స్కూల్.” చెల్లిని బడికి తీసుకెళ్లు. తీసుకురావడానికి మాత్రం ‘బ్రింగ్’. ఇక్కడ తెలుగు మనకు సాయం చేస్తుంది. తీసుకెళ్లు అంటే టేక్, తీసుకురా అంటే బ్రింగ్ అని గుర్తుంచుకుంటే చాలు.

ప్రయాణం: “ఐ టేక్ ద ట్రైన్ టు తాండూర్.” నేను తాండూరుకు రైల్లో వెళ్తాను. ఏ బండిలో వెళ్తామో చెప్పడానికి ‘టేక్’. మెట్టు మీద కాలుపెట్టి ఎక్కే పనికి ‘గెట్ ఆన్’. మనం రెండింటికీ ‘ఎక్కడం’ అంటాం కాబట్టి పిల్లలు తికమకపడతారు. ‘క్లైంబ్’ చెట్టుకు, గుట్టకు.

టైం: “ఇట్ టుక్ టూ అవర్స్.” రెండు గంటలు పట్టింది. తాండూరు కందిపప్పు సంగతి మనందరికీ గర్వం, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కంది చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. ఇంగ్లిష్‌లో “రెడ్ గ్రామ్ టేక్స్ ఫైవ్ టు సిక్స్ మంత్స్.” టైం పక్కన మన ‘పట్టు’ వస్తే ఇంగ్లిష్‌లో ‘టేక్’ వస్తుంది.

మందు: తెలుగులో గోలీ వేసుకుంటాం, మింగుతాం. ఉర్దూలో ‘దవా ఖానా’ అంటే మందు తినడం. ఇంగ్లిష్‌లో తినడం, తాగడం కాదు. “టేక్ ద మెడిసిన్.” గోలీకైనా, సిరప్‌కైనా అదే మాట.

ఫోటో: తెలుగులో తీసేవాళ్లు వేరు, దిగేవాళ్లు వేరు. ఇంగ్లిష్‌లో కెమెరా పట్టుకున్నవాళ్లే ‘టేక్’ చేస్తారు. కలిసి సెల్ఫీ దిగితే “వి టుక్ ఎ సెల్ఫీ” సరిపోతుంది. వేరేవాళ్లు తీస్తే “అవర్ ఫోటో వాజ్ టేకన్” అనాలి. ‘గెట్ డౌన్’ రాదు.

పరీక్ష: ఇది మా తాండూరులో చాలా ముఖ్యం. ఎందుకంటే ఇక్కడ పిల్లల ఇళ్లల్లో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. తెలుగులో పరీక్ష రాస్తాం, కన్నడలోనూ రాస్తారు. ఉర్దూలో పిల్లవాడు ‘ఇమ్తహాన్’ ఇస్తాడు, టీచర్ తీసుకుంటారు. ఇంగ్లిష్‌లో అచ్చంగా తిరగేసి ఉంటుంది. టీచర్ ‘గివ్’ చేస్తారు, పిల్లవాడు ‘టేక్’ చేస్తాడు. “ఐ గేవ్ మై ఎగ్జామ్” అని మనదేశంలో చాలామంది అంటారు, మనకు అర్థమూ అవుతుంది. కానీ బయటి దేశాల్లో అలా అంటే వినేవాళ్లు టీచరే అనుకుంటారు.

తెలుగులో ‘తీసుకున్నా’ ఇంగ్లిష్‌లో ‘టేక్’ రాని చోట్లూ ఉన్నాయి. పండక్కి బట్టలు తీసుకున్నాం అంటే కొన్నాం అని. దానికి ‘బాట్’ అనాలి. “వి టుక్ క్లోత్స్ ఫ్రమ్ ద షాప్” అంటే డబ్బులు ఇచ్చారా లేదా అని అనుమానం వస్తుంది!

తోకమాటలు

‘టేక్’కు వెనక చిన్న తోక తగిలితే అర్థం పూర్తిగా మారుతుంది. “టేక్ ఆఫ్ యువర్ షూస్” అంటే బూట్లు విప్పమని. శంషాబాద్‌లో విమానం ‘టేక్ ఆఫ్’ అయితే గాల్లోకి లేచిందని. “షి టేక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్” అంటే నానమ్మ పోలికలు వచ్చాయని. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం. ‘టేక్ డౌన్’ అంటే చెప్పింది రాసుకోవడం కూడా.

ఇది విచిత్రమేమీ కాదు. మన ‘పడు’ను చూడండి. బయటపడ్డాడు, కనబడ్డాడు, తిరగబడ్డాడు, ఎగబడ్డాడు. వీళ్లెవరూ కింద పడలేదు. ముందు చేరిన చిన్న మాట అర్థాన్ని మార్చేసింది. మనకు ముందు చేరితే ఇంగ్లిష్‌లో వెనక చేరుతుంది, అంతే తేడా. పిల్లలకు ఇలా చెబితే వెంటనే పట్టేస్తారు.

నాకు పాఠం చెప్పిన నాన్న

మళ్లీ ఆ మీటింగ్ దగ్గరికి వస్తాను. ఆయన నాపరాయి పాలిష్ యూనిట్‌లో పనిచేస్తారు. మాటల్లో నేను అడిగాను, అన్ని బండలూ ఒకేలా మెరుస్తాయా అని. “అట్లెట్ల మెరుస్తయ్ మేడమ్? మంచి బండకైతె పాలిష్ మంచిగ పడ్తది. పొరలు లేసే బండకు ఎంత రుద్దినా పట్టది,” అన్నారు.

నేను బాబు వైపు తిరిగి, మీ నాన్న చెప్పిన మాట ఇంగ్లిష్‌లో “దిస్ స్టోన్ టేక్స్ ఎ గుడ్ పాలిష్” అవుతుందని చెప్పాను. రంగు, పాలిష్ లాంటివి పట్టడానికి ఇంగ్లిష్‌లోనూ ‘టేక్’ అనే అంటారు. ఆరో తరగతి పుస్తకంలో ఈ వాడుక లేదు. నా క్లాసులో నేనెప్పుడూ చెప్పలేదు. తెలుగులో ఆ మాట ఇచ్చింది ఇంగ్లిష్ రాదన్న నాన్న. బాబు ఆ వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, నాన్నకు చదివి వినిపించాడు. ఆ కాగితం మీద నేను కూడా ప్రతి సున్నా పక్కన సరైన వాక్యం రాసి ఇచ్చాను. మొదటే చేయాల్సిన పని అది.

కాబట్టి ఇంట్లో తెలుగు, ఉర్దూ, కన్నడ బంద్ చేయకండి. ఒక మాట చోటును బట్టి ఎలా మారుతుందో పిల్లలకు మొదట తెలిసేది ఇంటి భాషలోనే. ఆ తెలివి లేకపోతే ఇంగ్లిష్ మాటలు బట్టీ పట్టిన లిస్టులాగే ఉండిపోతాయి.

ఈ నెల ఇంట్లో చేయండి

1. మాటను ఒంటరిగా అడగొద్దు. “టేక్ అంటే ఏంది?” అని కాకుండా, “గోలీ వేసుకో అని ఎట్ల అంటరు?”, “గంట పట్టింది అని ఎట్ల అంటరు?” అని అడగండి. మీకు జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు, ప్రశ్న వస్తే చాలు. పిల్లలకు రాకపోతే రాసి పంపండి, క్లాసులో మేం చెబుతాం.

2. ఒక నోట్‌బుక్‌కు ‘జంట మాటలు’ అని పేరు పెట్టించండి. ఒకవైపు ఇంటి వాక్యం, ఇంకోవైపు ఇంగ్లిష్ వాక్యం. రోజుకు ఒక్కటి చాలు.

3. ఫోన్‌లో అర్థం వెతికితే ఒక్క మాట కాకుండా పూర్తి వాక్యం టైప్ చేయించండి. డిక్షనరీలో మొదటి అర్థం దగ్గరే ఆగకుండా కింద ఇచ్చిన ఉదాహరణలు చదివించండి.

4. మీ పని మాటలు చెప్పండి. పొలం, షాపు, క్వారీ, వంటిల్లు, కుట్టుమిషన్ ఏదైనా సరే. మీ పనిలో ‘పట్టు’, ‘తీయు’, ‘వేయు’, ‘కొట్టు’ ఎన్ని రకాలుగా వాడతారో పిల్లలతో లెక్కపెట్టించండి. వాళ్లు ఇచ్చే లెక్క చూసి మీరే ఆశ్చర్యపోతారు.

5. తప్పు వాక్యం వింటే నవ్వకండి. తెలుగులో ఏం అనుకున్నావని అడగండి. తప్పు ఎక్కడిదో అక్కడే దొరుకుతుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ ‘జంట మాటలు’ నోట్‌బుక్ తీసుకురండి. ఆరో తరగతి క్లాసులో గోడమీద ఒక చార్ట్ పెడుతున్నాం. మొదటి వాక్యం ఇప్పటికే ఎక్కింది, బండకు పాలిష్ పట్టడం గురించి. మిగతా చోటు మీ ఇళ్ల నుంచి వచ్చే వాక్యాలకు.

ఇక సెలవు తీసుకుంటాను. దీనికి మాత్రం ఇంగ్లిష్‌లోనూ ‘టేక్’ అనే అంటారు.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్,
తాండూరు బ్రాంచ్