ప్రోస్థెటిస్ట్ మరియు ఆర్థోటిస్ట్

ప్రోస్థెటిస్ట్ మరియు ఆర్థోటిస్ట్ అనగా కోల్పోయిన కాలు, చేయి వంటి అవయవాల స్థానంలో కృత్రిమ అవయవాలను, బలహీనపడిన లేదా వంకర తిరిగిన అవయవాలకు ఆధారమిచ్చే ఉపకరణాలను రూపొందించి, రోగి శరీరానికి సరిపోయేటట్లు అమర్చే వృత్తి నిపుణుడు. లేని అవయవానికి బదులుగా పెట్టేది ప్రోస్థెసిస్. ఉన్న అవయవానికి తోడుగా కట్టేది ఆర్థోసిస్. పెట్టుడు కాలు మొదటి కోవకు, పోలియో సోకిన కాలికి కట్టే కాలిపర్, మెడకు పెట్టే కాలర్ రెండవ కోవకు చెందుతాయి. ఈ రెండు మాటలూ గ్రీకు భాష నుండి వచ్చినవే. మొదటిదానికి చేర్చుట అని, రెండవదానికి మూలమైన ఆర్థోస్ అనే పదానికి తిన్ననైన అని అర్థం.

ఈ వృత్తిని ఎముకల వైద్యుని వృత్తితో పొరపడటం సర్వసాధారణం. దెబ్బతిన్న కాలును తొలగించేది శస్త్రచికిత్స నిపుణుడు. కండరాలకు వ్యాయామం నేర్పేది ఫిజియోథెరపిస్టు. ఈ ఇద్దరి పనికీ నడుమ, రోగి నిలబడటానికి కావలసిన అవయవాన్ని కొలిచి, అచ్చు తీసి, చేసి, తొడిగి, నడిపించి చూసేది ప్రోస్థెటిస్టు. కనుక ఇతనిలో వైద్యశాస్త్రం తెలిసినవాడూ, చేతిపనివాడూ ఇద్దరూ ఉండాలి.

చరిత్ర

ఋగ్వేదంలో యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు లోహపు కాలు అమర్చిన ప్రస్తావన కలదు. విశ్పల స్త్రీ కాదని, పందెపు గుర్రమని భావించిన పండితులు కూడా ఉన్నారు. చేతికి దొరికిన ఆధారాలలో చాలా పురాతనమైనది ఈజిప్టులోని లక్సర్ సమీపంలో ఒక స్త్రీ మమ్మీకి ఉన్న కొయ్య బొటనవేలు. ఇది క్రీస్తుకు పూర్వం 950 - 710 సంవత్సరాల నాటిదని అంచనా. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే కీళ్ళు గల కృత్రిమ చేతులను, కాళ్ళను రూపొందించాడు.

ఈ విద్య పెరిగినదంతా యుద్ధాల నీడలోనే. అమెరికా అంతర్యుద్ధంలో 1861లో కాలు పోగొట్టుకొన్న జేమ్స్ హ్యాంగర్ అనే యువ సైనికుడు పీపా చెక్కలతో తన కాలును తానే చేసుకొని, తరువాత దానినే వ్యాపారంగా మార్చుకొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత 1919లో జర్మనీలో ఒట్టోబాక్ సంస్థ ఏర్పడింది. మన దేశంలో పూణేలోని సైనిక కృత్రిమ అవయవ కేంద్రం 1944లో, రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనే మొదలైంది. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో జరిగిన పరిశోధనలు ఈ పనికి యాంత్రిక శాస్త్రపు పునాది వేశాయి. మోకాటిచిప్ప కింది స్నాయువుపై బరువు మోసే సాకెట్టు అక్కడి నుండి వచ్చినదే.

సాకెట్టు

కృత్రిమ కాలు అనగానే చూసేవారి దృష్టి పాదం మీదకు పోతుంది. కాని ఆ కాలు పనిచేస్తుందా లేదా అన్నది తేలేది సాకెట్టు వద్ద, అనగా మిగిలిన మొండి భాగాన్ని ఇమిడ్చుకొనే తొడుగు వద్ద. ఎంత ఖరీదైన పాదం అయినా, సాకెట్టు సరిపోకపోతే ఆ కాలు కొద్ది రోజులలోనే ఇంటి మూలకు చేరుతుంది.

మోకాలి కింద తొలగించిన కాలి విషయంలో శరీరపు బరువంతా కోసిన చివర మీద పడుతుందని చాలామంది అనుకొంటారు. అలా పడితే ఎవరూ నాలుగు అడుగులు కూడా వేయలేరు. ఎముక అడ్డంగా తెగిన చోట చర్మానికి ఒత్తిడి తట్టుకొనే శక్తి ఉండదు. అందువలన బరువును ఒత్తిడి ఓర్చుకొనే చోట్లకు, అనగా మోకాటిచిప్ప కింది స్నాయువుకు, అంతర్జంఘిక పై భాగపు లోపలి వైపునకు, పిక్క కండరానికి పంచుతారు. బహిర్జంఘిక తల, అంతర్జంఘిక ముందంచు, ఎముక చివర వంటి ఓర్వలేని చోట్ల సాకెట్టులో కొద్దిగా ఖాళీ వదులుతారు. మోకాటి కీలు వద్దగాని, చీలమండ వద్దగాని తొలగించినపుడు మాత్రం చివరి భాగం కొంత బరువు మోయగలదు.

ఈ పంపకం చేతితోనే జరుగుతుంది. గాయం మాని వాపు తగ్గిన తరువాత మొండికి పల్చని మేజోడు తొడిగి, ఎముకలు పొడుచుకొని ఉన్న చోట్లను చెరగని పెన్సిలుతో గుర్తిస్తారు. తడిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీని దాని మీద చుట్టి, గట్టిపడేవరకు బొటనవేళ్ళతో మోకాటిచిప్ప కింద అదిమి పట్టుకొంటారు. ఊడదీసిన తరువాత ఆ పిండికట్టు ఒక డొల్ల మూస అవుతుంది. పెన్సిలు గుర్తులు దాని లోపలి వైపు అంటుకొని ఉంటాయి. అందులో పిండి కలిపిన నీళ్ళు పోస్తే రోగి మొండికి నకలైన గట్టి ప్రతిరూపం వస్తుంది, గుర్తులు దాని మీదకు దిగుతాయి.

దీనిని ఉన్నది ఉన్నట్లుగా వాడరు. బరువు పడవలసిన చోట ఆకురాయితో కొన్ని మిల్లీమీటర్లు అరగదీస్తారు. బరువు పడకూడని చోట కొత్తగా పిండి మెత్తుతారు. ఒక చోట ఎక్కువ అరిగితే సాకెట్టు అక్కడ కొరుకుతుంది. తక్కువ అరిగితే మొండి లోపలికి జారి ఎముక చివర అడుగున తగులుతుంది. ఎంత తీయాలన్నది ఆ రోగి కండ మెత్తదా గట్టిదా, చర్మం ఎటువంటిది, వయస్సు ఎంత అన్న వాటిని బట్టి నిర్ణయించవలసినదే. కంప్యూటరు స్కానర్లు, యంత్రాలు ఈ పనిని నేడు చాలాచోట్ల చేస్తున్నా, ఎక్కడ ఎంత తీయాలో వాటికి చెప్పవలసినది ఈ నిపుణుడే. తరువాత సుమారు 180 నుండి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో మెత్తబడిన పాలీప్రొపిలీన్ రేకును ఆ ప్రతిరూపం మీద కప్పి, మధ్యనున్న గాలిని లాగివేస్తే సాకెట్టు తయారవుతుంది.

క్లినిక్‌లో రోగి

మొదటి రోజు కొలతల కంటే ముందు ప్రశ్నలే ఎక్కువ ఉంటాయి. కాలు ఎందుకు పోయింది, మధుమేహం ఉన్నదా, రెండవ కాలు ఎలా ఉన్నది, ఇంటికి మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి ఎటువంటిది, జీవనోపాధి ఏమిటి అని అడుగుతారు. బడ్డీ కొట్టులో కూర్చొనే వ్యక్తికి, వరి నాట్లకు పోయే కూలికి ఒకే కాలు సరిపోదు. మోకాలు మిగిలినదా లేదా అన్నది మరీ ముఖ్యం. తొడ వద్ద కాలు తొలగించిన వ్యక్తి అంతే దూరం నడవడానికి చాలా ఎక్కువ శక్తి ఖర్చు చేయవలసి వస్తుంది. గుండె బలహీనంగా ఉన్న వృద్ధునికి కాలు కంటే చక్రాల కుర్చీయే మేలని చెప్పవలసి రావచ్చు. ఇది చెప్పడం ఈ వృత్తిలోని కష్టమైన పనులలో ఒకటి.

చాలామంది క్లినిక్‌కు రావడమే ఆలస్యంగా వస్తారు. ఈలోగా హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకొని నెలల తరబడి పడుకొంటారు. దానితో మోకాలు వంగినది వంగినట్లే బిగుసుకుపోతుంది. ఆ తరువాత కాలు అమర్చడం కష్టం, కొన్నిసార్లు అసాధ్యం. మొండి మీద సాగే పట్టీ చుట్టుకోవడం, మోకాలు చాచి ఉంచడం శస్త్రచికిత్స జరిగిన వారంలోనే నేర్పితే ఈ నష్టం ఉండదు. లేని పాదంలో నొప్పి, దురద కలగడం కూడా రోగులను భయపెట్టే విషయమే. ఇది పిచ్చి కాదు, నాడీమండలానికి సంబంధించిన సహజమైన అనుభవం అని తెలియజేస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

తొడ పైభాగం వరకు కొలతలు తీసుకోవలసి వచ్చినపుడు స్త్రీలు సంకోచపడతారు. మహిళా నిపుణులు అందుబాటులో లేని చోట ఈ సంకోచం వలన కొలతలు సరిగా రాక, సాకెట్టు చెడిపోయే అవకాశమున్నది. ఈ చదువులోకి అమ్మాయిలు ఎక్కువగా రావలసిన అవసరానికి ఇదొక్కటే చాలినంత కారణం.

సాకెట్టు, గొట్టం, పాదం బిగించిన తరువాత రోగిని సమాంతర కడ్డీల మధ్య నడిపిస్తారు. పాదం మరీ ముందుకు ఉంటే ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్లు అనిపించి మోకాలు వెనక్కు నెట్టుకొంటుంది. మరీ వెనక్కు ఉంటే మోకాలు హఠాత్తుగా మడత పడుతుంది. కాలు పొడవు ఎక్కువైతే రోగి మంచికాలి మునివేళ్ళ మీద లేచి అడుగు వేస్తాడు. నిపుణుడు ముందు నుండి, పక్క నుండి నడకను చూస్తూ, మరలు తిప్పుతూ, మళ్ళీ నడిపిస్తాడు. కాలు తీసిన వెంటనే మొండి మీది ఎర్రదనాన్ని పరిశీలిస్తారు. పది, పదిహేను నిమిషాలలో అది పోకపోతే అక్కడ సాకెట్టు అదుముతున్నట్లే. మధుమేహం ముదిరిన వారికి స్పర్శ మందగించి నొప్పి తెలియదు గనుక, "బాగానే ఉన్నదండీ" అన్న వారి మాటను నమ్మడానికి వీలులేదు. తెలియకుండా పడిన పుండు మోకాలినే పోగొట్టవచ్చు. ప్రతి రాత్రి అద్దం పట్టుకొని మొండి అడుగు భాగాన్ని చూసుకోవాలని వీరికి ప్రత్యేకంగా చెబుతారు.

ఇంతటితో పని అయిపోదు. మొదటి సంవత్సరంలో మొండి క్రమంగా చిక్కిపోతుంది. మొదట ఒక మేజోడు చాలినచోట నాలుగైదు తొడగవలసి వస్తుంది. అప్పుడు సాకెట్టు మార్చాలి. ఎదిగే పిల్లలకైతే ఇంకా తరచుగా మార్చాలి.

జైపూర్ పాదం

పాశ్చాత్య దేశాల పాదాలు బూటు తొడుక్కొని, కుర్చీలో కూర్చొనే మనిషిని దృష్టిలో ఉంచుకొని చేసినవి. చీలమండ వద్ద కదలిక లేని ఆ పాదంతో గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, చెప్పులు లేకుండా బురదలో నడవడం వీలు కాదు. జైపూరులోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో శిల్పకారుడు రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు ప్రమోద్ కరణ్ సేథీ ఈ లోటును గమనించి 1968 ప్రాంతంలో రబ్బరు పాదాన్ని రూపొందించారు. పాదం ఆకారంలో వేళ్ళతో సహా ఉండే ఈ పాదం అన్ని వైపులకూ కొంత వంగుతుంది, నీటికి పాడు కాదు, బూటు అవసరం లేదు. సేథీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 1975లో దేవేంద్రరాజ్ మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాలును ఉచితంగా అందిస్తూ అనేక దేశాలకు చేర్చింది.

తెలుగువారికి ఈ కాలు సినిమా ద్వారా పరిచయమైంది. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం తరువాత కుడికాలు కోల్పోయిన నర్తకి సుధా చంద్రన్ జైపూర్ పాదంతో తిరిగి నాట్యం చేసింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో వచ్చిన మయూరి చిత్రంలో ఆమె తన జీవితకథలో తానే నటించింది.

ఉచిత శిబిరాలలో జైపూర్ కాలును ఒకటి రెండు రోజులలోనే అమర్చి పంపుతారు. పేదలకు ఇది గొప్ప మేలు. అయితే శిబిరం వెళ్ళిపోతుంది, మొండి చిక్కిపోవడం ఆగదు. ఆరు నెలల తరువాత వదులైన సాకెట్టును సరిచేసే మనిషి జిల్లాలోనే లేకపోతే రోగి గుడ్డపీలికలు కుక్కుకొని కొంతకాలం నెట్టుకొచ్చి, చివరకు చంక కర్రలకే తిరిగి వస్తాడు.

ఆర్థోసిస్‌లు

క్లినిక్‌కు వచ్చేవారిలో అవయవం కోల్పోని వారు కూడా తక్కువేమీ కాదు. ఒకప్పుడు పోలియో కాలిపర్లే ప్రధానమైన పని. భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో దేశం పోలియో రహితమని ధ్రువీకరణ లభించింది. అయినా అంతకు ముందు పోలియో సోకినవారు నేటికీ కాలిపర్ల మరమ్మతుకు వస్తూనే ఉన్నారు. పక్షవాతంతో పాదం జారిపోయిన వారికి చీలమండ పట్టీలు, చెట్టు పై నుండి పడి వెన్ను విరిగిన వారికి నడుము తొడుగులు, కుష్ఠు మరియు మధుమేహం వలన స్పర్శ కోల్పోయిన పాదాలకు ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు చెప్పులు ఇక్కడే చేస్తారు.

పుట్టుకతో పాదం లోపలికి తిరిగి ఉండే క్లబ్‌ఫుట్ సుమారు వెయ్యి మంది శిశువులలో ఒకరికి వస్తుంది. అమెరికాలో ఇగ్నాషియో పోన్‌సెటి రూపొందించిన పద్ధతిలో వారం వారం పిండికట్లు మార్చి, చాలామందికి మడమ స్నాయువుకు చిన్న కోత పెట్టి పాదాన్ని సరిచేస్తారు. తరువాత రెండు బూట్లను కడ్డీతో కలిపిన ఉపకరణాన్ని మూడు నెలల పాటు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగైదు ఏళ్ళు వచ్చేవరకు రాత్రి నిద్రలో తొడగాలి. పాదం అప్పటికే చక్కగా కనిపిస్తుంది గనుక, బిడ్డ ఏడుస్తున్నదని ఇంట్లో దానిని తీసివేస్తారు. పాదం మళ్ళీ వంకర తిరగడానికి ప్రధాన కారణం ఇదే. కాబట్టి తల్లికి, మరీ ముఖ్యంగా నాయనమ్మ, అమ్మమ్మలకు నచ్చజెప్పడం ఉపకరణం చేయడమంత అవసరమైన పని.

చదువు, గుర్తింపు

ఈ వృత్తికి పట్టం బి.పి.ఓ. అనే కోర్సు. ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్రాలు చదివినవారు దీనికి అర్హులు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర సంవత్సరాలు పడుతుంది. శరీర నిర్మాణశాస్త్రం, యంత్రశాస్త్రం, పదార్థాల లక్షణాలతో పాటు కార్ఖానాలో చేతిపని కూడా నేర్పుతారు. తెలుగు విద్యార్థులకు దగ్గరగా ఉన్న జాతీయ సంస్థలలో ఒడిషాలోని కటక్ సమీపాన ఓలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద సంస్థ ఒకటి. కోల్‌కతా, ముంబయి నగరాలలో కూడా జాతీయ సంస్థలు కలవు. భారతీయ పునరావాస మండలి 1992 చట్టం ప్రకారం ఈ వృత్తి చేయువారు మండలి రిజిస్టరులో నమోదు కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం జనాభాలో సుమారు 0.5 శాతం మందికి ఈ ఉపకరణాలు కావాలి. వీటి కొనుగోలుకు కేంద్ర ప్రభుత్వం 1981 నుండి అడిప్ పథకం క్రింద సహాయం చేస్తున్నది. కాన్పూరులోని అలింకో సంస్థ విడిభాగాలను తయారుచేస్తుంది. కాని నిపుణులు ఎక్కువగా పెద్ద నగరాలలోనే ఉన్నారు. తెగిన ఒక తోలుపట్టీని, అరిగిన ఒక మరను మార్చుకోవడానికి పల్లెటూరి కూలి తోడుగా ఒక మనిషిని వెంటబెట్టుకొని, రెండు రోజుల కూలి వదులుకొని, బస్సులో నగరానికి రావలసి ఉంటుంది.