పాల బిల్లుకు నోటి లెక్క

సభ్యులు పూట పూటకూ పాలు పోసి చీటీ తీసుకుంటారు గాని, అందులోని అంకెలు సరిచూచుకునేవారు తక్కువ. బడిలో పలక పక్కన పెట్టించి చెప్పిన నోటి లెక్కలు ఇక్కడ అక్కరకు వస్తాయి.

కిలో వెన్న ధర 800 రూపాయలనుకుందాము. కిలో పాలలో ఒక శాతం వెన్న అనగా 10 గ్రాములు. దాని విలువ 8 రూపాయలు. దీనినే పాయింటు ధర అందాము. 6.5 శాతం పాలు కిలో ఎంత? ఆరు ఎనిమిదులు 48, అర పాయింటుకు 4, మొత్తం 52. నాలుగు కిలోలకు 208. కొలత లీటర్లలో ఉంటే, పాలు నీటికన్న బరువు గనుక, నూటికి సుమారు 3 చొప్పున కలపాలి. ధరల పట్టిక లీటరుకే వేసి ఉంటే ఇది అక్కరలేదు. ఎస్.ఎన్.ఎఫ్. కూడా చూచి ధర కట్టే చోట మాత్రం పట్టిక చూడవలసినదే.

అసలు చిక్కు సరాసరి దగ్గర. ఒక గ్రామంలో తనిఖీకి వెళ్ళినపుడు ఒక సభ్యురాలు, "సారూ, పొద్దున 6 వచ్చింది, సాయంత్రం 8 వచ్చింది. మధ్యన 7 గదా! బిల్లులో ఆరున్నరే కట్టారు" అని నిలదీసింది. పై ధర ప్రకారం రోజుకు 32 రూపాయలు పోతున్నవని ఆమె బాధ. ఆమెతోబాటు మరి నలుగురు వారం రోజులుగా పాలు పోయడం మానివేశారు. కార్యదర్శి "మిషను చెప్పిందే వేశాను" అంటాడే గాని విడమరచి చెప్పలేడు.

"పాలెన్నమ్మా?" అని అడిగాను. పొద్దున 6 కిలోలు, సాయంత్రం 2. అరుగు మీదనే చింతపిక్కలు పోశాము. ఆరు ఆరులు 36, రెండు ఎనిమిదులు 16, మొత్తం 52. వాటిని 8 కుప్పలు పెడితే కుప్పకు ఆరేసి పోగా నాలుగు మిగిలాయి, అనగా కుప్పకు అర. రాత్రి ఎడం ఎక్కువ గనుక సాధారణంగా పొద్దున పాలు ఎక్కువ, వెన్న శాతం తక్కువ. సరాసరి ఎక్కువ పాలున్న పూట వైపే మొగ్గుతుంది. ఆమె పిక్కలు తానే మరొకసారి లెక్కపెట్టుకుని, "అయితే సరే" అన్నది. మరునాటి నుండి పాలు వచ్చాయి. పాపం, కార్యదర్శి తప్పు చేయకుండానే మాట పడ్డాడు.

మరొక చోట దీనికి తలక్రిందులు. 7.2 వచ్చిన పాలకు చీటీలో 7 అని వ్రాస్తున్నారు. చుక్క తరువాతి అంకే గదా అని ఎవరూ అడగలేదు. పాయింటు 8 అయితే కిలోకు 1 రూపాయి 60 పైసలు. పూటకు 5 కిలోలు పోసేవారికి 8, రోజుకు 16, పది రోజుల బిల్లులో 160 రూపాయలు! మిషను మీది అంకెనూ చీటీ మీది అంకెనూ అక్కడ నిలబడి ఉండగానే కలిపి చూచుకోవాలి. పది రోజుల తరువాత బిల్లు పట్టుకుని వస్తే తిరిగి పరీక్షించడానికి ఆ పాలు ఉండవు.