క్రైస్తవ ప్రణయ నవలల్లో క్షమ, తొలిప్రేమ పునరుజ్జీవనం: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఆంగ్లంలో వెలువడే క్రైస్తవ ప్రణయ నవలల్లో విడిపోయిన ప్రేమికులో దంపతులో మళ్లీ కలుసుకోవడం తరచుగా కనిపించే ఇతివృత్తం. ఈ పునఃసమాగమానికి క్షమ ఆధారంగా నిలుస్తుంది. అయితే క్షమించడం, తిరిగి కలిసి జీవించడం ఒకటి కావు. మొదటిది ఒక్కరు చేయగలిగినది, రెండవది ఇద్దరూ కలిసి నిర్మించవలసినది. ఈ భేదాన్ని నవల ఎంతవరకు నిలుపుకుంటుందనే దానిపైనే దాని నైతిక బలం ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఫ్రాన్సిన్ రివర్స్ రచించిన 'రిడీమింగ్ లవ్', కారెన్ కింగ్స్‌బరీ, గ్యారీ స్మాలీ కలిసి రచించిన 'రిడెంప్షన్' నవలలు ఇందుకు ప్రధాన ఆధారాలు.

కీలక పదాలు: క్రైస్తవ ప్రణయ నవల, తొలిప్రేమ, క్షమ, మారుమనస్సు, సమాధానం, హోషేయ.

1. ఉపోద్ఘాతం:

ప్రణయ నవలను కాలక్షేప సాహిత్యంగా భావించి పక్కన పెట్టే ధోరణి విమర్శలో చాలాకాలం కొనసాగింది. జానిస్ రాడ్వే 1984లో ప్రకటించిన 'రీడింగ్ ద రొమాన్స్' గ్రంథం ఆ ధోరణిని ప్రశ్నించింది. స్త్రీలు ఈ నవలలను ఎందుకు చదువుతారో ఆ పాఠకురాళ్లనే అడిగి తెలుసుకోవాలన్న దృష్టిని అది బలపరిచింది. లిన్ నీల్ 2006లో వెలువరించిన 'రొమాన్సింగ్ గాడ్' ఇదే దృష్టిని క్రైస్తవ ప్రణయ నవలలకు వర్తింపజేసింది. ఈ నవలలు చదివే స్త్రీలకు వాటి పఠనం వినోదంతోపాటు భక్తి జీవితంలోనూ ఒక భాగమని ఆ పరిశోధన చూపింది.

పఠనం భక్తిలో భాగమైనప్పుడు నవల చెప్పే ముగింపు పాఠకురాలి జీవితానికి ఒక ఆదర్శంగా మారే అవకాశం ఉంటుంది. అందువల్ల, తనను గాయపరిచిన వ్యక్తిని కథానాయిక క్షమించి తిరిగి స్వీకరించే ఘట్టాన్ని ఏ రచయిత ఎలా నిర్మించారన్నది కేవలం శిల్పానికి సంబంధించిన ప్రశ్న కాదు.

2. ప్రక్రియా నేపథ్యం:

కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో ప్రచురించిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' ఆధునిక క్రైస్తవ ప్రణయ నవలకు బాట వేసిన రచనగా ప్రసిద్ధి పొందింది. 1997లో హార్లెక్విన్ సంస్థ 'లవ్ ఇన్‌స్పైర్డ్' పేరుతో ప్రత్యేక శ్రేణిని ప్రారంభించడంతో ఈ ప్రక్రియ ప్రధాన ప్రచురణ రంగంలోనూ స్థిరపడింది.

విడిపోయిన వారు మళ్లీ కలుసుకునే ఇతివృత్తం ఈ నవలలతో పుట్టినది కాదు. జేన్ ఆస్టెన్ మరణానంతరం 1817 చివరలో వెలువడిన 'పర్స్యుయేషన్' నవలలో ఆన్ ఎలియట్, వెంట్‌వర్త్ ఎనిమిదేళ్ల ఎడబాటు తరువాత తిరిగి కలుసుకుంటారు. అక్కడ అడ్డుగా నిలిచినవి ఇతరుల సలహా, గాయపడిన అభిమానం. పమేలా రీజిస్ 2003 నాటి తన గ్రంథంలో ప్రణయ నవలకు ఎనిమిది ఆవశ్యకాంశాలను నిర్దేశించారు. వాటిలో ప్రేమికుల మధ్యనున్న అవరోధం ఒకటి, ఆ అవరోధాన్ని దాటించే గుర్తింపు మరొకటి. ఈ పరిభాషలో చెప్పాలంటే క్రైస్తవ ప్రణయ నవలలో అవరోధం తరచుగా పాపం రూపంలో, గుర్తింపు క్షమ రూపంలో ఉంటాయి. నాయికానాయకులతోపాటు దైవం మూడవ పాత్రగా ఉండటం వల్ల వారి పునఃసమాగమానికి ముందు దైవంతో సమాగమం జరగవలసి వస్తుంది.

3. 'తొలిప్రేమ': బైబిల్ మూలాలు:

ఈ నవలల్లో 'తొలిప్రేమ' అనే మాటకు రెండు అర్థాలు పెనవేసుకొని ఉంటాయి. కాలక్రమంలో మొదటిది ఒక అర్థం, ప్రాధాన్యంలో మొదటిది మరొక అర్థం. రెండవ అర్థానికి ఆధారం బైబిల్ చివరి గ్రంథమైన ప్రకటనలో ఉంది. రెండవ అధ్యాయంలో ఎఫెసు సంఘం తన మొదటి ప్రేమను విడిచిపెట్టిందన్న నింద వినిపిస్తుంది. ఆ వెంటనే మూడు ఆదేశాలు వస్తాయి. ఎక్కడనుండి పడిపోయావో జ్ఞాపకం చేసుకోవాలి, మారుమనస్సు పొందాలి, మొదటి క్రియలను తిరిగి చేయాలి. జ్ఞాపకం, మారుమనస్సు, క్రియ అనే ఈ వరుస తొలిప్రేమ పునరుజ్జీవన కథలను పరిశీలించడానికి మంచి కొలమానం. సాధారణ స్థాయి నవల జ్ఞాపకం దగ్గరే ఆగిపోతుంది. పాత ఉత్తరం, పాత పాట, పాత ఊరు కనిపించగానే ప్రేమ తిరిగి చిగురించినట్లు చూపుతుంది. క్రియ వరకు వెళ్లే నవలలు తక్కువ.

మరొక మూలం హోషేయ గ్రంథం. విడిచి వెళ్లిన భార్యను ప్రవక్త పదిహేను తులముల వెండి, కొంత యవల ధాన్యం చెల్లించి తిరిగి తెచ్చుకోవడం మూడవ అధ్యాయంలో కనిపిస్తుంది. రెండవ అధ్యాయంలో దైవం తన ప్రజలను అరణ్యానికి తోడుకొని పోయి మృదువుగా మాట్లాడతానంటాడు. వారు యౌవన దినాలలో పలికినట్లు మళ్లీ పలుకుతారని ఆశిస్తాడు. ప్రేమ తన మొదటి దశకు తిరిగి చేరుకుంటుందన్న ఊహ అక్కడే ఉంది. అయితే ఆ దారి అరణ్యం గుండా వెళ్తుంది. ఇది గమనించదగిన విషయం.

4. క్షమ, మారుమనస్సు, సమాధానం: పద భేదం:

తెలుగు పాఠకులకు ఈ చర్చలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. సంస్కృతం నుండి వచ్చిన 'క్షమ' శబ్దానికి ఓర్పు, సహనం అనే అర్థాలు బలంగా ఉన్నాయి. భూమికి కూడా క్షమ అనే పేరుంది. మహాభారత వనపర్వంలో ద్రౌపదీ ధర్మరాజుల సంవాదం క్షమ ఎప్పుడు తగునన్న ప్రశ్న చుట్టూ సాగుతుంది. అక్కడి క్షమ ప్రధానంగా ఓర్చుకోవడం. కొత్త నిబంధన గ్రీకు మూలంలో క్షమకు వాడిన క్రియాపదానికి విడిచిపెట్టడం, వదిలివేయడం అని అర్థం. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో అది ఋణ విమోచన భాషలో వస్తుంది. అప్పును రద్దు చేయడం వేరు, అప్పు ఇంకా పెరుగుతుండగా ఓర్చుకోవడం వేరు. ఒకే తెలుగు పదం రెండింటినీ మోయవలసి రావడంతో 'క్షమించు' అన్న ఉపదేశం 'భరించు' అన్న ఉపదేశంగా వినబడే ప్రమాదం ఉంది.

'పశ్చాత్తాపం' జరిగినదానికి కలిగే బాధను సూచిస్తే, తెలుగు బైబిల్‌లోని 'మారుమనస్సు' దిశ మార్చుకోవడాన్ని సూచిస్తుంది. 'సమాధానం' అన్న మాట వ్యవహారంలో జవాబుకే ఎక్కువగా వాడుకలో ఉన్నా, క్రైస్తవ తెలుగులో అది శాంతిని సూచిస్తుంది. 'సమాధానపరచు' అన్నప్పుడు తెగిన సంబంధాన్ని తిరిగి కలపడమనే అర్థం వస్తుంది. ఈ మూడు పదాలు మూడు వేర్వేరు మెట్లు. ఆదికాండంలో యోసేపు తన అన్నలను వెంటనే ఆలింగనం చేసుకోడు. బెన్యామీను విషయంలో వారు ఎలా ప్రవర్తిస్తారో పరీక్షించి, మారారని తెలిసిన తరువాతనే తనను తాను వెల్లడిస్తాడు. క్షమకు, సమాధానానికి మధ్య కాలం అవసరమని ఈ కథ సూచిస్తుంది.

5. 'రిడీమింగ్ లవ్': తిరిగి రావడంలోని స్వేచ్ఛ:

ఫ్రాన్సిన్ రివర్స్ తొలుత సాధారణ ప్రణయ నవలలు రాసి, 1986లో క్రైస్తవ విశ్వాసం స్వీకరించిన తరువాత రాసిన నవల ఇది. 1991లో తొలిసారిగా, 1997లో సవరించిన రూపంలో క్రైస్తవ ప్రచురణ సంస్థ ద్వారా వెలువడింది. 2022లో చలనచిత్రంగా వచ్చింది. 1850 నాటి కాలిఫోర్నియా బంగారు వేట నేపథ్యంలో హోషేయ కథను పునర్నిర్మించిన నవల ఇది. బాల్యంలోనే వేశ్యావృత్తికి అమ్మివేయబడిన ఏంజెల్‌ను మైకేల్ హోసియా అనే రైతు వివాహం చేసుకుంటాడు. ఆమె పదేపదే విడిచి వెళ్తుంది, అతడు పదేపదే క్షమిస్తాడు.

ఈ నవలపై రాదగిన ప్రధానమైన ఆక్షేపణ వివాహ ఘట్టానికి సంబంధించినది. తీవ్రంగా దెబ్బలు తిని, సరిగా స్పృహలేని స్థితిలో ఏంజెల్ వివాహానికి ఒప్పుకుంటుంది. దీన్ని స్వేచ్ఛతో కూడిన అంగీకారంగా పరిగణించడం కష్టం. ఆమెను తిరిగి తీసుకువచ్చే మైకేల్ పట్టుదలలో ప్రేమతోపాటు బలవంతపు ఛాయ కూడా ఉంది.

అయితే నవల ఉత్తరార్ధం ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దుతుంది. చివరిసారి ఏంజెల్ వెళ్లిపోయినప్పుడు మైకేల్ ఆమె వెంట వెళ్లడు. మూడేళ్లపాటు ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వతంత్రంగా జీవిస్తుంది. తనవంటి స్త్రీలకు ఆశ్రయమిచ్చే పనిలో నిమగ్నమవుతుంది. ఒకప్పుడు తనను అవమానించిన పాల్ వచ్చి తన తప్పును ఒప్పుకున్నప్పుడు ఆమె అతణ్ని క్షమిస్తుంది. అంతవరకు క్షమను అందుకునే పాత్రగా ఉన్న ఏంజెల్ ఇక్కడ క్షమించే పాత్రగా మారుతుంది. ఆ తరువాతనే ఆమె స్వేచ్ఛగా తిరిగి వచ్చి, అంతవరకు దాచిన తన అసలు పేరును భర్తకు చెబుతుంది. ప్రకటన గ్రంథపు కొలమానంలో మూడవదైన క్రియ ఈ మూడేళ్ల కాలంలో నెరవేరింది. మైకేల్ క్షమ తొలినుండీ ఉన్నప్పటికీ సమాధానం సాధ్యమైనది ఆమె స్వేచ్ఛ వల్లనే.

6. 'రిడెంప్షన్': తొలిప్రేమ ఒక పరీక్షగా:

2002లో వెలువడిన 'రిడెంప్షన్' బాక్స్‌టర్ కుటుంబ కథల్లో మొదటి నవల. ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ దీనికి రంగస్థలం. భర్త టిమ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అతనికి ఒక విద్యార్థినితో సంబంధం ఉందని కారీ తెలుసుకుంటుంది. తాను గర్భవతినని కూడా ఆమెకు తెలుస్తుంది. అదే సమయంలో తొలిప్రేమికుడు ర్యాన్ టేలర్ తిరిగి ఆమె జీవితంలోకి వస్తాడు.

ఇక్కడ ఇతివృత్తం ప్రక్రియా సంప్రదాయానికి ఎదురు తిరుగుతుంది. పాఠకులు కోరుకునే పునఃసమాగమం ర్యాన్‌తో, నవల కోరే సమాధానం టిమ్‌తో. ప్రేమ ఒక భావన మాత్రమే కాదని, అది నిర్ణయమని ఈ నవల ప్రతిపాదిస్తుంది. సహరచయిత స్మాలీ వైవాహిక సలహాదారుగా అంతకుముందు ప్రచారం చేసిన భావన కూడా అదే. కారీ వివాహబంధం వైపు నిలబడుతుంది, టిమ్ పశ్చాత్తాపంతో తిరిగి వస్తాడు. కానీ ఆ విద్యార్థినిపై వ్యామోహం పెంచుకున్న యువకుడి చేతిలో అతడు హతమవుతాడు. ఈ శ్రేణిలోని తరువాతి కథనంలో కారీ ర్యాన్‌ను వివాహమాడుతుంది.

ఈ పరిష్కారాన్ని నిశితంగా చూడాలి. టిమ్ జీవించి ఉంటే కారీ క్షమ దైనందిన జీవితంలో పరీక్షకు గురయ్యేది. విశ్వాసం తిరిగి ఏర్పడటానికి ఎన్నేళ్లు పట్టేదో, ఏర్పడేదో లేదో నవల చూపవలసి వచ్చేది. అతని మరణం ఆ భారాన్ని రచయితల నుండి తొలగించింది. కారీ త్యాగమూ నిలిచింది, తొలిప్రేమా దక్కింది. సిద్ధాంతపరంగా క్షమ ఏ ప్రతిఫలమూ ఆశించనిది. ఇతివృత్తపరంగా మాత్రం ఇక్కడ క్షమకు ప్రతిఫలం లభించింది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఈ నవలలో పరిష్కారం కాకుండా మిగిలిపోయింది.

7. శాకుంతలంతో తులన:

భారతీయ సాహిత్య విద్యార్థులకు మరచిపోయిన ప్రేమ తిరిగి గుర్తుకు రావడం అనగానే శకుంతలాదుష్యంతులు స్ఫురిస్తారు. సంస్కృత మహాభారతంలో దుర్వాసుని శాపం లేదు. దుష్యంతుడు లోకనిందకు వెరచి, తెలిసే ఆమెను నిరాకరిస్తాడు. చివరకు ఆమె కోపంతో పలికిన పరుష వాక్యాలను తాను క్షమించానని అంటాడు. తప్పు చేసినవాడే క్షమించేవాడు కావడం అక్కడి విశేషం. కాళిదాసు శాపాన్ని, ఉంగరాన్ని కల్పించి నాయకుణ్ని దోషం నుండి తప్పించాడు. ఏడవ అంకంలో దుష్యంతుడు ఆమె పాదాలపై పడినప్పుడు శకుంతల దాన్ని తన పూర్వకర్మ ఫలంగా భావించి ఊరట పొందుతుంది. ఆ తరువాత మారీచుడు శాపవృత్తాంతం చెప్పడంతో దోషమే మాయమవుతుంది.

క్రైస్తవ ప్రణయ నవలకు ఈ మార్గం లేదు. అక్కడ దోషాన్ని శాపంపైకి మళ్లించే వీలు లేదు. తప్పు తప్పుగానే నిలబడాలి, దాన్ని పేరుపెట్టి ఒప్పుకోవాలి, అప్పుడే క్షమకు అర్థం ఉంటుంది. శాకుంతలంలో పునఃసమాగమానికి సాధనం జ్ఞాపకం. క్రైస్తవ నవలలో జ్ఞాపకం ఆరంభం మాత్రమే. ఈ తులన ఏ సంప్రదాయం గొప్పదో నిర్ణయించడానికి ఉద్దేశించినది కాదు. దోషాన్ని తొలగించే కథకు, దోషాన్ని ఒప్పుకొనే కథకు నిర్మాణం ఎలా మారుతుందో ఇది స్పష్టం చేస్తుంది.

8. పాఠకురాలి పక్షం నుండి:

డెబ్బై ఏళ్ల మారులు క్షమించాలన్న బోధ మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయంలో ఉంది. అదే అధ్యాయంలో, దానికి ముందే, తప్పు చేసినవానిని ఎదుర్కొని చెప్పాలని, వినకపోతే సాక్షులను తీసుకొని వెళ్లాలని, సంఘానికి తెలియజేయాలని ఉంది. మొదటి భాగాన్ని కథగా మార్చినంత సులభంగా నవలలు రెండవ భాగాన్ని కథగా మార్చలేదు. హింసకో వంచనకో గురైన స్త్రీ ఇటువంటి నవల చదివినప్పుడు, క్షమించడం అంటే తిరిగి ఆ ఇంటికి వెళ్లడమేనని గ్రహిస్తే ఆ గ్రహింపు ఆమె భద్రతకే ముప్పు కావచ్చు. సంతోషాంతం ప్రక్రియా నియమం కావడం వల్ల క్షమించి కూడా విడిగా జీవించే కథానాయికకు ఈ నవలల్లో చోటు దొరకడం కష్టం. ఆ చోటు లేకపోవడం ఈ ప్రక్రియకున్న పెద్ద పరిమితి.

9. ఉపసంహారం:

క్రైస్తవ ప్రణయ నవలలో తొలిప్రేమ పునరుజ్జీవనం గతానికి తిరిగి వెళ్లడం కాదు. జ్ఞాపకం నుండి మారుమనస్సుకు, అక్కడినుండి క్రియకు సాగే ప్రయాణం అది. 'రిడీమింగ్ లవ్' ఆరంభంలో స్వేచ్ఛను పక్కన పెట్టినా చివరకు దానికి మూడేళ్ల కాలాన్ని కేటాయించింది. 'రిడెంప్షన్' క్షమను నిర్ణయంగా నిరూపించినా, సమాధానాన్ని పరీక్షకు పెట్టకుండా మరణాన్ని ఆశ్రయించింది. తెలుగులో క్రైస్తవ సాహిత్యంపై, ముఖ్యంగా అనువాద కథాసాహిత్యంపై పరిశోధన చేసేవారు 'క్షమ' అన్న పదం ఏ సందర్భంలో విడుదలను, ఏ సందర్భంలో ఓర్పును సూచిస్తున్నదో విడదీసి చూడవలసి ఉంది. క్షమ అప్పును రద్దు చేస్తుంది. కొత్తగా అప్పు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం క్షమించినవారి చేతిలోనే ఉంటుంది.