కోపమునకు పగ్గము

“అత్తమీది కోపము దుత్తమీద” అని తెలుగువారి సామెత. అత్త ఏదో అన్నది. ఎదురు చెప్పుటకు కోడలికి నోరు రాలేదు. వంటయింటిలోనికి పోయి, చేతికందిన దుత్తను నేలకు వేసి కొట్టినది. దుత్త చేసిన అపరాధమేమి? ఏమియు లేదు. అది ఎదురు తిరుగదు, అంతే. ఈ సామెతలో నవ్వుతోపాటు నిశితమైన పరిశీలన కూడ ఉన్నది. కోపము తనకు కారణమైన వానిమీదికే పోవునను నియమము లేదు. తరచుగా అది బలవంతుని విడిచి బలహీనుని వెదకికొనును. కచేరీలో పై అధికారిచేత మాటపడిన తండ్రి ఇంటికి వచ్చి పిల్లలను కసరుట, ఆటలో ఓడిన అన్న తమ్ముని పుస్తకము విసరివేయుట ఈ కోవలోనివే. “కోపము ఆపుకొనలేకపోతిని” అని పిదప వారు చెప్పుదురు. అయినచో పై అధికారి యెదుట ఎట్లు ఆపుకొనగలిగిరి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట కొంచెము కష్టము.

కోపము వచ్చుట వేరు, కోపముతో పని చేయుట వేరు. మొదటిది చాలవరకు శరీరధర్మము. రెండవది మన చేతిలోనిది. ఈ రెంటికిని నడుమ నున్న కాలము మిక్కిలి స్వల్పము. అయినను మనుష్యుని వివేకమున కంతటికిని చోటు అక్కడనే కలదు.

శరీరమున జరుగునదేమో మొదట తెలిసికొనవలెను. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కేనన్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఉండెను. ఆయన పిల్లులకు ఆహారము పెట్టి, ఎక్స్‌రే కిరణముల సాయమున వాని జీర్ణకోశపు కదలికలను పరిశీలించుచుండెను. పిల్లి కలత చెందినప్పుడెల్ల ఆ కదలిక నిలిచిపోవుచుండెను. పిదప, కుక్క మొరుగుటచే బెదరిన పిల్లి రక్తమును పరీక్షింపగా అందులో ఎడ్రినలిన్ కనబడెను. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులు దీనిని స్రవించును. 1915లో కేనన్ ఈ విషయములను గ్రంథముగా ప్రకటించెను. భయమునందును క్రోధమునందును శరీరము ఒకే విధమైన సన్నాహము చేయునని ఆయన చూపెను. గుండె వేగముగా కొట్టుకొనును. కాలేయము రక్తములోనికి చక్కెరను విడుచును. కాలుసేతుల కండరములకు రక్తము ఎక్కువగా ప్రవహించును. పోరాడుటకో, పారిపోవుటకో దేహమంతయు సిద్ధమగును. పులి ఎదురైనవానికి ఇది ప్రాణదానము చేయును. పెన్సిలు విరిగినదని తగవులాడు బాలునకు ఇంత సన్నాహమేల? కాని శరీరమునకు పులియని, పెన్సిలని భేదము తెలియదు.

ఆ భేదము తెలిసికొనవలసినది మెదడు. అపాయమును చటుక్కున పసికట్టు భాగము మెదడు లోతున బాదంగింజ ఆకారమున ఉండును. మంచిచెడ్డలను తూచి చూచు భాగము నుదుటి వెనుక నుండును. అది కొంత నిదానముగా పని చేయును. అదియు సంపూర్ణముగా పరిణతి చెందుటకు మనుష్యునకు ఇంచుమించు ఇరువదియైదేండ్లు పట్టును. కనుకనే కోపము నాపుకొనుట పెద్దలకంటె పిల్లలకు కష్టము. కష్టమే గాని అసాధ్యము కాదు.

ఆకలి, అలసట, నిద్రలేమి ఈ నిదానపు భాగమును మరింత బలహీనపరచును. మన పూర్వులు దీనిని శాస్త్రముగా వ్రాయకపోయినను కథగా చెప్పియున్నారు. మహాభారతము ఆదిపర్వములోని పరీక్షిన్మహారాజు వృత్తాంతము చూడుడు. ఆయన దుర్మార్గుడు కాడు. వేటలో తన బాణము తగిలిన మృగము తప్పించుకొనిపోగా, దానిని వెదకుచు అడవిలో దూరము పోయి, ఆకలిదప్పులతో సొమ్మసిల్లి శమీకమహాముని కడకు చేరెను. మృగమెటు పోయినదని అడిగెను. ముని మౌనవ్రతమున నుండి పలుకలేదు. రాజు ఆగ్రహించి, చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడలో వైచి పోయెను. అప్పుడొక చెంబెడు నీరు దొరికియున్నచో కథ మరియొక విధముగా నడచియుండెడిదేమో!

ముని కుమారుడు శృంగి ఈ సంగతిని స్వయముగా చూడలేదు. తోడి బాలుడు ఎగతాళి చేయుచు చెప్పగా విని, ఏడు దినములలో తక్షకుని కాటుచే రాజు మరణించునని శపించెను. ఎగతాళి చేయువాని మాట కోపమునకు ఎంతటి ఆజ్యమో ఇందువలన తెలియును. అందరికంటె ఎక్కువ అవమానము పొందిన శమీకుడు మాత్రము కోపింపలేదు. కొడుకును మందలించి, రాజును హెచ్చరించుటకు శిష్యుని పంపెను. కాని వెడలిన మాట మరలి రాలేదు.

కోపమును వెళ్ళగ్రక్కినచో చల్లారునని కొందరి నమ్మకము. దిండును గ్రుద్దుట, తలుపును దబ్బున వేయుట, కేకలు వేయుట మంచిదని వారందురు. పరిశోధనలు ఈ నమ్మకమును బలపరచలేదు. అట్టి చేష్టలు కొలిమికి తిత్తి ఊదుట వంటివి. అవమానమును పదే పదే తలచుకొని లోలోపల కుములుటయు అట్టిదే. తలచిన ప్రతిసారియు శరీరము మరల యుద్ధమునకు సిద్ధమగును. మెల్లగా ఊపిరి పీల్చి, అంతకంటె మెల్లగా విడుచుచున్నచో గుండెవేగము తగ్గును. ఆ చోటు విడిచి కొంతసేపు ఆవలికి పోవుటయు మేలే. శరీరము నెమ్మదించిన పిదప చెప్పవలసిన మాట తప్పక చెప్పవలెను. “నీవెప్పుడును ఇంతే” అన్న మాటకు జవాబు తగవే. “నాతో చెప్పక పుస్తకము తీసికొంటివి, నేను పాఠము చదువలేకపోతిని” అన్నచో ఎదుటివాడు ఆలోచించుటకు వీలు కలుగును.

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ పాటించిన ఉపాయ మొకటి చెప్పదగినది. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధమున ఆయన సేనాపతి మీడ్ విజయము సాధించెను. కాని ఓడిన లీ సైన్యము పొటోమాక్ నది దాటి తప్పించుకొనిపోయెను. లింకన్ మిగుల నొచ్చుకొని, జూలై 14న మీడ్‌కు పరుషమైన లేఖ వ్రాసెను. కాని దానిని పంపలేదు. ఆయన మరణానంతరము ఆ లేఖ కాగితములలో దొరకెను. సంతకము చేయలేదనియు, పంపలేదనియు పైన వ్రాసికొనియుండెను. ఆ కాలమున లేఖ పోవుటకు కొంత వ్యవధి యుండెడిది. నేడు చేతిఫోనులో వ్రేలు తాకినంతనే సందేశము ఎదుటివానికి చేరును. కావున నేటివారికి ఈ ఉపాయము మరింత అవసరము.

అట్లని కోపము ఎన్నడును రాకుండుటయే ఉత్తమమని తలపరాదు. అన్యాయమును చూచియు చలింపనివాడు శాంతుడు కాడు, జడుడు. 1893 జూన్ 7న దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టు ఉన్నను, నల్లవాడను కారణమున గాంధీజీని రైలు నుండి త్రోసివేసిరి. అప్పుడాయనకు ఇరువదిమూడేండ్లు. అక్కడ అది శీతకాలము. ఆయన పైకోటు సామానులో ఉండెను. అడిగినచో మరల అవమానింతురేమోనని అడుగక, చీకటి విశ్రాంతిగదిలో చలికి వణకుచు కూర్చుండెను. స్వదేశమునకు తిరిగిపోవుటయా, నిలిచి పోరాడుటయా యని ఆలోచించెను. తనకు కలిగిన బాధ పైపైదనియు, వర్ణద్వేషమను లోతైన వ్యాధికి అది చిహ్నమనియు ఆయన నిశ్చయించుకొనెను. తెల్లవారగానే రైల్వే జనరల్ మేనేజరునకు దీర్ఘమైన తంతి పంపెను. 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెసు ఏర్పడెను. 1897 జనవరిలో డర్బన్‌లో ఒక గుంపు ఆయనపై రాళ్ళు రువ్వి, పిడికిళ్ళతో మోదెను. కొట్టినవారిని శిక్షింపజేయుటకు ప్రభుత్వము సిద్ధపడగా ఆయన వలదనెను. హక్కులకై సాగించిన పోరాటము మాత్రము 1914లో ఆయన ఆ దేశము విడుచువరకు మానలేదు.